జిన్సెంగ్ వెతకడానికి కుక్క పనికొస్తుందా? (నార్త్ కరోలినా కొండలు)

#1 · పిల్లకాలువ

అందరికీ నమస్కారం. ఆష్‌విల్‌కి ఉత్తరాన 14 ఎకరాల అడవి, సొంత భూమి, అంతా వాలే. ఇక్కడివాళ్ళు "శాంగ్" అనే అడవి జిన్సెంగ్ (వేరు మందుగా అమ్ముడుపోయే మొక్క) ఇలాంటి చోట ఉంటుందంటున్నారు. ఇంట్లో రెండేళ్ళ ల్యాబ్రడార్ ఉంది. దానికి జిన్సెంగ్ వాసన నేర్పించవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? తవ్వకానికి రూల్స్ ఏంటి? ఇప్పుడు మే నెల కదా, సెప్టెంబరుకి కుక్క తయారవుతుందా?

#2 · మన్యంచూపు

కుక్క సంగతి తరువాత. ముందు రూల్స్, ఎందుకంటే తప్పితే జైలు.

సీజన్ సెప్టెంబరు 1న మొదలు. నార్త్ కరోలినాలో డిసెంబరు 31 దాకా ఉంటుంది. దగ్గర్లోని కొన్ని రాష్ట్రాల్లో ముగింపు తేదీ వేరు: వెస్ట్ వర్జీనియాలో నవంబరు 30, కెంటకీలో డిసెంబరు 1. మొత్తం 19 రాష్ట్రాల్లోనే అడవి జిన్సెంగ్ తీసి ఎగుమతికి అమ్మే వీలుంది. ఈ మొక్క 1975 నుంచి సైటీస్ (అడవి జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, అందుకే ఇంత కాగితాల గొడవ. అయిదేళ్ళు నిండని వేరు ఎగుమతికి పనికిరాదు. ఇల్లినాయిస్‌లో అయితే పదేళ్ళు.

మీ భూమిలో మీరు తవ్వుకోవచ్చు. గట్టు దాటితే పక్కవాడి రాతపూర్వక అనుమతి జేబులో ఉండాలి. నోటిమాట చెల్లదు. ఈ రాష్ట్రంలో పరాయి భూమి నుంచి జిన్సెంగ్ తీయడం మామూలు దొంగతనం కాదు, ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. వీసా మీద ఉన్నవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

నాంటహేలా, పిస్గా నేషనల్ ఫారెస్టుల్లో ఒకప్పుడు పర్మిట్లు ఇచ్చేవారు, 2021 నుంచి ఆపేశారు. బ్లూ రిడ్జ్ పార్క్‌వేలో, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో ఎప్పుడూ నిషేధమే. స్మోకీస్‌లో ఆరు నెలల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా ఉంటుంది. అక్కడ వేళ్ళకు రంగు గుర్తు కూడా పెడతారు, అమ్మబోతే దొరికిపోతారు. పైగా స్మోకీస్‌లో కుక్కను రెండు దారుల్లోకే రానిస్తారు: గాట్లిన్‌బర్గ్ ట్రయిల్, ఒకోనలఫ్టీ రివర్ ట్రయిల్. కుక్కతో "ఊరికే తిరుగుతున్నాం" అన్నా నడవదు.

#3 · నిర్వాహకుడు

ఒక్కమాట. ఫోటో పెట్టేవాళ్ళు అందులోంచి లొకేషన్ సమాచారం తీసేసి పెట్టండి. కౌంటీ పేరుతో సహా ఊరు, వాగు, రోడ్డు నంబరు రాస్తే పోస్ట్ తీసేస్తాను. జిన్సెంగ్ మడి ఎక్కడుందో తెలిస్తే రాత్రికి రాత్రి ఖాళీ చేసేవాళ్ళున్నారు.

#4 · రేగడి

నా మటుకు నేను కుక్క అక్కర్లేదనే అంటాను. ఇది కంటితో చేసే పని.

ముందు వాలు చూడండి. ఉత్తరం, తూర్పు ముఖంగా ఉన్న వాలు, నీళ్ళు నిలవని చోటు, మధ్యాహ్నం కూడా చల్లగా ఉండే చోటు. పైన నీడ 75–80 శాతం ఉండాలి. చెట్లను బట్టి తెలిసిపోతుంది: టులిప్ పాప్లర్, షుగర్ మేపుల్, బాస్‌వుడ్, నల్ల వాల్‌నట్ ఉంటే నేల మంచిది. పైన్, రోడోడెండ్రాన్ పొదలు, మౌంటెన్ లారెల్ ఉంటే ఆమ్లం ఎక్కువున్న నేల, వదిలేయండి. ఈ మొక్కకు కాల్షియం ఉన్న నల్లటి, గుల్లగా ఉండే మన్ను కావాలి. తోడుగా పెరిగేవి కూడా జ్ఞాపకం పెట్టుకోండి: బ్లడ్‌రూట్, బ్లాక్ కొహోష్, బ్లూ కొహోష్, మెయిడెన్‌హెయిర్ ఫెర్న్, ర్యాటిల్‌స్నేక్ ఫెర్న్. ఈ చివరిదాన్ని పాతకాపులు "శాంగ్ చూపుడువేలు" అన్నట్టుగా చెప్పుకుంటారు. అది ఉన్నంత మాత్రాన జిన్సెంగ్ ఉంటుందని కాదు, ఉండదగ్గ చోటని మాత్రమే.

మొక్క: ఒకే కాడ నేలనుంచి లేస్తుంది. దాని కొసన ఒకే బిందువు దగ్గర గొడుగు పుల్లల్లా రెమ్మలు విచ్చుకుంటాయి. వీటినే ప్రాంగ్‌లు అంటారు. ఒక్కో రెమ్మకు అయిదు చిట్టాకులు, మూడు పెద్దవి, మొదట్లో రెండు చిన్నవి. అంచులు రంపంలా ఉంటాయి. రెమ్మలు కలిసే చోటు మధ్యలోంచి పొట్టి కాడ మీద కాయల గుత్తి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎర్రబడుతుంది. మొదటి ఏడు మూడే ఆకులు, స్ట్రాబెర్రీ మొలకలా ఉంటుంది.

మోసపోయేది ఎక్కడంటే:

వర్జీనియా క్రీపర్‌కీ అయిదు ఆకులే. కానీ అది తీగ, కాడ నేల వెంట పాకుతుంది, అయిదు ఆకులూ దాదాపు ఒకే సైజు. జాక్-ఇన్-ద-పల్పిట్‌కి ఎర్ర కాయల గుత్తి ఉంటుంది, ఆకులు మూడే. దాని గడ్డ కొరికితే నోరు మండిపోతుంది. వైల్డ్ సార్సపరిల్లా కూడా జిన్సెంగ్ కుటుంబమే, కానీ పూలకాడ ఆకుల కిందనుంచి విడిగా నేలలోంచి వస్తుంది. హికరీ, బకై మొలకలు చెక్క కాడతో ఉంటాయి, గోరుతో గిల్లితే తెలుస్తుంది.

సెప్టెంబరు చివరి నుంచి ఆకు పసుపు తిరుగుతుంది. ఆ పసుపు వేరే ఏ మొక్కకీ రాదు, పండిన నిమ్మపండుకి కొంచెం పాలు కలిపినట్టు. ఆ పది పదిహేను రోజుల్లో 50 అడుగుల దూరం నుంచి కనిపిస్తుంది. కుక్క ఎందుకు ఇక?

#5 · గాలివాటం

రేగడి గారు చెప్పింది ఆకు ఉన్నంత వరకే. గట్టి మంచు ఒక్కసారి పడితే కాడ ఊడిపోతుంది. జింకలు ముందే తలలు కొరికేసిన మొక్కలూ ఉంటాయి. వాటికి కన్ను పనికిరాదు, ముక్కు కావాలి. కుక్క లాభం అక్కడ. మామూలు రోజుల్లో కాదు.

నేర్పడంలో మొదటి చిక్కు వాసన దొరకడం. ఇప్పుడు మార్కెట్లో దొరికేది విస్కాన్సిన్‌లో సాగు చేసిన ఎండు వేరు. జాతి ఒకటే, పనికొస్తుంది. కానీ ఎండు వేరు వాసన, నేలలో ఉన్న పచ్చివేరు వాసన ఒకటి కాదు. ఎండు వేరుతో ఆట నేర్పండి, పచ్చి మొక్కతో పని నేర్పండి. అంటే జూన్, జులైల్లో మీరే కంటితో ఒక మడి కనుక్కోవాలి. మీకు తెలియనిదాన్ని కుక్కకు నేర్పలేరు.

వరుస ఇదీ:

మూతకు కన్నాలున్న చిన్న రేకు డబ్బాలు ఆరు. ఒకదానిలో వేరు, మిగతావి ఖాళీ. అన్నిటినీ గ్లవ్స్‌తో పట్టుకోండి, లేకపోతే కుక్క మీ చేతి వాసన ఉన్న డబ్బాను పట్టుకుంటుంది. వేరున్న డబ్బా దగ్గర ముక్కు పెట్టగానే అక్కడే తిండి. రోజుకు రెండుసార్లు, అయిదారు నిమిషాలకు మించకూడదు.

పది ప్రయత్నాల్లో తొమ్మిదిసార్లు పట్టుకుంటున్నప్పుడు ఖాళీ డబ్బాల్లో అడ్డు వాసనలు పెట్టండి: అడవి మన్ను, కుళ్ళిన ఆకు, బ్లాక్ కొహోష్ వేరు ముక్క, చివరికి కుక్క తినే గింజలు కూడా. ఇది మానేస్తే కుక్క నేర్చుకునేది "డబ్బాలో ఏదో ఒకటి ఉంది" అనే సంగతి మాత్రమే.

తరువాత సైగ. కనుక్కున్నాక పడుకోవాలి, లేదా కదలకుండా నిలబడాలి. గోకకూడదు.

తరువాత నేల. వేరు ముక్కను అంగుళం లోతున పెట్టి, ఆకు కప్పి, నాలుగైదు గంటలు వదిలేయండి, వాసన మట్టిలోకి దిగాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కుక్క వేరును కాదు, కొత్తగా తవ్విన మట్టిని కనుక్కుంటుంది. కాబట్టి ఒక్క వేరుకు అయిదారు ఉత్త గుంటలు కూడా తవ్వి పూడ్చండి.

ఆఖరున నిజం మొక్క. పాతుకున్న వేరు చెక్కుచెదరకుండా ఉంటే వాసన చాలా తక్కువ. కొండంతా వాసన పట్టి లాక్కెళ్తుందనుకోవద్దు. మంచి కుక్కయినా కొద్ది అడుగుల్లోపలే పట్టగలదు. అందుకే కుక్కను వదిలేసి వెనక నడవడం కాదు, మీరు చోటు ఎంచి, దాన్ని వరసలుగా తిప్పాలి.

గాలి లెక్క: ఉదయం చల్లగాలి వాలు మీద నుంచి కిందికి జారుతుంది, అప్పుడు మడికి కింద నడవాలి. ఎండ ఎక్కాక గాలి పైకి తిరుగుతుంది, అప్పుడు పైన నడవాలి. ఉత్తరపు వాలు ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి ఉదయపు గాలి కాస్త ఎక్కువసేపే నిలుస్తుంది. వాన వెలిసిన మర్నాడు మంచిది. రెండు వారాలు వాన లేక కరకరలాడే ఆకు మీద ఏ కుక్కా పనిచేయదు.

సెప్టెంబరుకి అవుతుందా అంటే డబ్బాల పని అవుతుంది. అడవి పని వచ్చే ఏడే అనుకోండి.

#6 · పిల్లకాలువ

డబ్బాల ఆట మొదలుపెట్టాం. పట్టుకుంటోంది గానీ ముందు కాలితో గోకి, ఆ తరువాత పడుకుంటోంది. తిండి ఇవ్వాలా, మానాలా?

#7 · గాలివాటం

మానాలి. ఇప్పుడు గోకుడు, పడుకోవడం రెండూ కలిపి ఒకే పని అని నేర్చుకుంటోంది. డబ్బాను ఒక చెక్కకు గట్టిగా బిగించండి, గోకినా కదలకూడదు. ముక్కు పెట్టిన క్షణంలోనే, కాలు లేవకముందే తిండి ఇవ్వండి. వారం రోజులు పడుకోమని అడగొద్దు. ముక్కు అలా రెండు సెకన్లు నిలిచాక ఇవ్వండి, తరువాత మూడు, అయిదు. నిలకడ వచ్చాక పడుకోవడం జోడించండి.

ఇది చాదస్తం కాదండీ. గోకే కుక్క అడవిలో వేరు మెడ విరిచేస్తుంది. మెడ విరిగితే వయసు రుజువు పోతుంది, ధర పోతుంది. గోకుడు మానని కుక్కను జిన్సెంగ్‌కి తీసుకెళ్ళకపోవడమే మేలు.

#8 · అల్లంముక్క

మెడ మాట వచ్చింది కాబట్టి తవ్వకం చెబుతా.

తవ్వేముందే వయసు చూడాలి. కాడ మొదట్లో మట్టిని వేలితో మెల్లగా పక్కకు తీస్తే వేరు పైన సన్నటి, గరుకైన మెడ కనిపిస్తుంది. ఏటా కాడ రాలినప్పుడు ఒక మచ్చ మిగులుతుంది. మచ్చల లెక్కకు ఒకటి కలిపితే వయసు. నాలుగు మచ్చలంటే అయిదేళ్ళు. మచ్చలు మెడ చుట్టూ ఒకటి ఇటు ఒకటి అటు మెలితిరిగి ఉంటాయి, ఒకవైపే చూసి లెక్కపెడితే సగమే వస్తాయి. నాలుగుకు తక్కువుంటే మట్టి కప్పేసి రండి. కొన్ని రాష్ట్రాల్లో మచ్చలతో పాటు మూడు రెమ్మలు ఉండాలన్న రూలు కూడా ఉంది. రూలు సరిగా తెలియని చోట రెండూ చూసుకుంటే గొడవ లేదు. జింక తల కొరికేసిన మొక్కకు మచ్చలే ఆధారం. గాలివాటం గారి కుక్క కనుక్కునేవి ఇవే కదా, కాబట్టి కుక్కతో వెళ్ళేవాళ్ళకు ఈ లెక్క ఇంకా బాగా వచ్చి తీరాలి.

పనిముట్టు: గునపం, పార వద్దు. పొడుగాటి స్క్రూడ్రైవర్, లేదా కలుపు తీసే బొరిగె లాంటి సన్నటిది. కాడకు ఆరంగుళాల దూరం నుంచి మొదలుపెట్టి మట్టిని వదులు చేస్తూ లోపలికి రండి. వేరు నిట్టనిలువుగా దిగదు, చాలాసార్లు వాలుకు అడ్డంగా పడుకుని ఉంటుంది, రెండు పాయలుగా చీలి రాళ్ళ కిందికి పోతుంది. కాడ పట్టుకుని లాగారంటే మెడ చేతికొస్తుంది, వేరు లోపలే ఉంటుంది. పీచు వేళ్ళు కూడా తెగకుండా తీయాలి.

కడగడం: బకెట్లో నీళ్ళు, చేతితో అటూ ఇటూ ఊపడం, అంతే. బ్రష్ పెట్టి తోమొద్దు. అడవి వేరు మీద అడ్డంగా ముడతల వలయాలు ఉంటాయి, వాటిలో మిగిలిన నల్లటి చారే కొనేవాడికి కావాల్సింది. అల్లం తోమినట్టు తోమితే తోటలో పెంచిన వేరులా తెల్లబడి ధర పడిపోతుంది.

ఎండబెట్టడం: పేరు ఎండబెట్టడమే కానీ ఎండలో పెట్టకూడదు. జల్లెడ లాంటి మెష్ మీద ఒకే వరసగా, ఒకదానికొకటి తగలకుండా పరచి, నీడలో, గాలాడే గదిలో ఉంచాలి. 70 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలు. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఒవెన్, మైక్రోవేవ్, కారు డ్యాష్‌బోర్డ్ వద్దు. పైన గట్టిపడి లోపల తడి నిలిచి గోధుమరంగు తిరుగుతుంది. మరీ నెమ్మదైతే బూజు. విరిస్తే టక్కుమని విరగాలి, లోపల తెల్లగా ఉండాలి. వంగితే ఇంకా అవలేదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టొద్దు, అట్టపెట్టె మంచిది, ఎలుకలకు అందకుండా.

మూడు పౌన్లకు పైగా పచ్చివేరు ఎండితే ఒక పౌను. అందులో రెండు మూడు వందల వేళ్ళు పడతాయి. ధర ఏటేటా మారుతుంది, ఎండు పౌను కొన్ని వందల డాలర్లు ఉంటుంది. 14 ఎకరాల్లో పౌను వస్తుందని లెక్కలు వేసుకోవద్దు. రాష్ట్రంలో రిజిస్టర్ అయిన డీలర్‌కే అమ్మండి.

#9 · సీమచింత

కుక్క క్షేమం గురించి ఎవరూ రాయలేదు. సెప్టెంబరు అడవి కుక్కకు ఏడాదిలోకెల్లా చెడ్డ కాలం.

అన్నిటికన్నా ముందు ఎల్లోజాకెట్లు, నేల కందిరీగలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాటి గూళ్ళు నిండుగా ఉంటాయి. నేలలో కన్నం, రాకపోకలు కనిపిస్తే వెనక్కి. ముక్కు నేలకు పెట్టి నడిచే కుక్క నేరుగా మూతి పెడుతుంది. అలర్జీ మందు ఏది, ఎంత అనేది కుక్క బరువు చెప్పి పశువైద్యుడి దగ్గర ముందే రాయించుకుని ఆ కాగితం సంచిలో పెట్టుకోండి. మనుషుల జలుబు మందు కలిసిన మాత్రలు ఇవ్వొద్దు.

పాములు: కాపర్‌హెడ్, టింబర్ ర్యాటిలర్. కాపర్‌హెడ్ రంగు ఎండుటాకుల్లో కలిసిపోతుంది, అడుగు దూరంలో ఉన్నా కనబడదు. కాటు పడితే కోయడం, పీల్చడం, కట్టు కట్టడం, ఐస్ పెట్టడం ఏదీ చేయకండి. మొహం, మెడ మీద పడితే వెంటనే కాలర్ తీసేయండి, వాపు వస్తే ఊపిరాడదు. వీలైతే మోసుకెళ్ళండి, నడిపించొద్దు. యాంటీవెనమ్ ఉండే పశువుల ఆసుపత్రి ఏదో సీజన్‌కి ముందే ఫోన్ చేసి కనుక్కోండి, అన్నిచోట్లా ఉండదు.

పిడుదులు, అంటే టిక్స్: నెలనెలా ఇచ్చే మాత్ర తప్పకూడదు. తిరిగొచ్చాక చెవుల లోపల, కాలి వేళ్ళ సందుల్లో, కాలర్ కింద వెతకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగాలి, తిప్పొద్దు. మీ ఒళ్ళు కూడా చూసుకోండి. లోన్ స్టార్ టిక్ కుడితే కొందరికి మాంసం అలర్జీ వస్తుంది. బీఫ్, పోర్క్ ఒక్కటే కాదు, మేకపోతు కూడా అందులో ఉంది. మటన్ బిర్యానీ జన్మంతా మానాల్సి రావచ్చు, జోక్ కాదు.

పుట్టగొడుగులు: తెల్లటి అమానిటాలు ఈ కాలంలోనే. తిన్న ఆరు గంటల తరువాత గానీ వాంతులు మొదలుకావు, అప్పటికే కాలేయానికి దెబ్బ. కుక్క నోట్లో ఏదో పెట్టడం చూస్తే ఆగకుండా ఆసుపత్రికి.

ఒంటికి తగిలితే దద్దుర్లు తెచ్చే పాయిజన్ ఐవీ తీగ కుక్కకు పెద్దగా అంటదు గానీ, ఆ జిడ్డు బొచ్చుకు అంటుకుని మీకు అంటుతుంది. ఇంటికి రాగానే గ్లవ్స్ వేసుకుని స్నానం చేయించండి.

తాడు: 20 అడుగుల పొడుగు, రబ్బరు పూత ఉన్నది. నూలు తాడు ముళ్ళపొదల్లో చిక్కుతుంది. దాన్ని మెడకు కాదు, ఛాతీ పట్టీకి కట్టండి. విల్లుతో జింకల వేట సెప్టెంబరులోనే మొదలవుతుంది. కుక్కకు, మీకు నారింజ రంగు చొక్కా, మీ సొంత భూమిలో అయినా సరే.

#10 · కొత్తగూడెం_పోరడు

అన్నా, ఒక డౌట్. ఎండినయ్ నాలుగు వేళ్ళు హైదరాబాద్‌కి సూట్‌కేస్‌లో పట్టుకుపోవచ్చా? అమ్మకు మోకాళ్ళ నొప్పులు.

#11 · మన్యంచూపు

పట్టుకుపోవద్దు తమ్ముడూ. అమెరికన్ జిన్సెంగ్ వేరు, వేరు ముక్కలు దేశం దాటాలంటే సైటీస్ కాగితాలు కావాలి. పొడి, క్యాప్సూల్స్, టీ పొట్లాలకు ఆ రూలు వర్తించదు. అక్కడ దిగాక మొక్కల క్వారంటైన్ వాళ్ళు వేరే ఉన్నారు.

ఇంకోటి. అమ్మగారు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడుతుంటే అమెరికన్ జిన్సెంగ్ దాని పనిని తగ్గిస్తుంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకు చక్కెర మరీ పడిపోవచ్చు. డాక్టర్‌ని అడగకుండా ఏ రూపంలోనూ ఇవ్వొద్దు. అక్కడ "ఇండియన్ జిన్సెంగ్" అని అమ్మేది అశ్వగంధ, మన పెన్నేరుగడ్డ. దానికీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు, అది వంకాయ కుటుంబం.

#12 · రేగడి

గాలివాటం గారి మంచు మాట ఒప్పుకుంటాను, ఆకు రాలాక కన్నుకు పని లేదు. కానీ అప్పటికి కాయలు కూడా రాలిపోయి ఉంటాయి. గింజ మీ చేతిలో ఉండదు, కాబట్టి నాటడం మీ చేతిలో ఉండదు. నా అభ్యంతరం అదీ.

కాయ ఎర్రబడ్డాకే తవ్వాలి. పచ్చికాయ గింజ పాతినా మొలవదు. కాయను వేళ్ళతో నొక్కితే మామూలుగా రెండు గింజలు వస్తాయి, ఒకటీ ఉండొచ్చు, మూడూ ఉండొచ్చు. ఆకు పక్కకు తీసి, ముప్పావు అంగుళం నుంచి అంగుళం లోతున, అడుగుకొకటి చొప్పున, తల్లి మొక్క ఉన్న చోటే పాతి మళ్ళీ ఆకు కప్పండి. ఇంటికి తెచ్చుకుని తోటలో నాటుకోవడం రూలుకు విరుద్ధం. కెంటకీలో అయితే 50 అడుగుల్లోపలే, అదీ వేలితోనే నాటాలి, పనిముట్టు వాడకూడదు. గింజను లోతుగా తోస్తే ఎలుక తినదనుకుంటారు గానీ, మొలక పైకి రాలేక చచ్చిపోతుంది.

వచ్చే వసంతంలో చూసి ఏమీ రాలేదని దిగులుపడొద్దు. ఆ తరువాతి వసంతంలో మొలుస్తుంది.

#13 · గాలివాటం

దానికి మార్గముంది. సెప్టెంబరులో కాయలున్నప్పుడు కుక్కను తిప్పి మొక్కలు గుర్తుపెట్టుకోండి, గింజలు అప్పుడే నాటేయండి. తవ్వకం ఆకు పసుపయ్యాక. గుర్తుకు రంగు రిబ్బన్ కట్టకండి, దొంగకు దారి చూపినట్టే. ఫోన్ మ్యాప్‌లో చుక్క పెట్టుకుంటే చాలు.

#14 · పిల్లకాలువ

అయితే జూన్‌లో ఉత్తరపు వాలు మీద మొదట నేను వెతుకుతాను, కుక్క ఇంట్లో డబ్బాలతో. ఒక్కటే సందేహం: ఒక మడిలో పది పెద్ద మొక్కలుంటే ఎన్ని తీయొచ్చు?

#15 · రేగడి

మొదటి ఏడు ఒక్కటీ తీయకండి. పది మొక్కల్లో ఎన్నింటికి కాయ పట్టిందో, జింక ఎన్ని కొరికిందో రాసుకోండి. రెండో ఏడు మూడు దాటొద్దు, అవీ మచ్చలు ఎక్కువున్నవి. ఒక ఏడాది కనబడని మొక్క చచ్చిపోయిందనుకోకండి, కొన్ని ఒక ఏడు నేలలోనే పడుకుని మళ్ళీ లేస్తాయి. ఆ చోటు మీద చుక్క తీసేయకండి.